ఒకే యంత్రమున రెండు కాపురములు



మొన్నటి సంక్రాంతికి మా యూరికి పోయినప్పుడు రచ్చబండకడ ఒక పెద్దాయన నన్ను పిలిచి యొక ప్రశ్న యడిగెను. "ఏం బిడ్డా, మా మనుమనికి పత్తి అమ్మిన పైసలతోని ల్యాప్‌టాపు కొనిస్తిమి. ఇప్పుడు దాంట్ల విండోస్ లోపల లినక్స్ పెట్టుకుంటడట. ఒక ఒరల రెండు కత్తులు ఇముడుతయా? కొన్న సామాను ఖరాబు చేస్తడేమో, నువ్వన్న చెప్పు" అనెను.

నేను పాతికేండ్లుగా హైదరాబాదునకు పడమట మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములలో సాఫ్ట్‌వేరు వృత్తి చేయుచున్నవాడను. ఆ పెద్దాయన భయము నిష్కారణమైనది కాదు. నేనును ఒకప్పుడు ఆ పనికే పూనుకొని చెడగొట్టుకొన్నవాడనే. ఆ దినమున ఆయనకు రెండు మాటలలో బదులు చెప్పితిని గాని, అది చాలలేదని తరువాత తోచెను. మీ యిండ్లలోని పిల్లలును ఇదే మాట చెప్పుచుండవచ్చును. కావున ఆ రెండు కత్తులెక్కడివో, ఒక ఒరలోనికెట్లు వచ్చినవో, అందు మన హైదరాబాదునకు గల సంబంధమేమో నేడు కొంచెము విపులముగా మనవి చేసెదను.

ముందుగా విండోస్ అననేమి, లినక్స్ అననేమి? చెరువు క్రింద ఆయకట్టును తలచుకొనుడు. తూము తీయువాడు నీరటికాడు. ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో, ఎవరి వంతు ఎప్పుడో అతడు చూచును. రైతు తనంతట తాను తూము తీయరాదు. నీరటిని పిలిచి అడుగవలెను. కంప్యూటరులో లెక్కలు కట్టు శక్తియు, విషయములు జ్ఞాపకముంచుకొను చోటును, పత్రములు దాచు స్థలమును చెరువు నీటివంటివి. మనము వాడు ప్రోగ్రాములు రైతులవంటివి. వానికి వంతులు పంచు నీరటికే ఆపరేటింగ్ సిస్టము అని పేరు. విండోస్ ఒక నీరటి, లినక్స్ మరియొక నీరటి. ఇద్దరిని పిలుచు పిలుపులు వేరు. విండోసును పిలువ నేర్చిన ప్రోగ్రాము లినక్సునకు పనికిరాదు. లినక్సును పిలువ నేర్చినది విండోసుకడ నోరు మెదపలేదు. ఒక చెరువునకు ఒక్కడే నీరటి యుండవలెననుట చిరకాలపు నియమము. ఆ పెద్దాయన ప్రశ్నలోని చిక్కంతయు ఇచ్చటనే కలదు.

ఈ రెండింటిలో పెద్దవంశము లినక్సుది. 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ లేబరేటరీస్ అను పరిశోధనాలయమున కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్స్ అను నిర్వాహక వ్యవస్థకు పునాది వేసిరి. దాని పద్ధతి మన యూరి చేతివృత్తుల పద్ధతివంటిది. కమ్మరి పని కమ్మరిది, వడ్రంగి పని వడ్రంగిది. బండి కావలసినప్పుడు ఇద్దరి పనియు కలియును. అట్లే యూనిక్సులో ఒక్కొక్క చిన్న పనిముట్టు ఒక్కొక్క పనినే చేయును. ఊరి వోటర్ల జాబితాలో లక్ష్మి అను పేరుగలవారు ఎందరో తెలియవలెననుకొనుడు. ఒక పనిముట్టు ఆ పేరున్న వరుసలను ఏరును. రెండవది వానిని ఇంటి నంబరు వరుసన పేర్చును. మూడవది లెక్కించును. ఒకదానినుండి వెలువడినది మరియొకదానిలో పడునట్లు నడుమ ఒక గొట్టముండును. దానిని పైపు అందురు. 1973లో ఈ గొట్టము యూనిక్సునకు వచ్చినది. నేటికిని మా వృత్తిలో దినము గడచుట దానితోనే.

యూనిక్స్ మంచిదే గాని యజమానుల ఆస్తి. దానిని వాడుటకు అనుమతి కొనవలెను. 1983లో రిచర్డ్ స్టాల్మన్ అను నాతడు, ఎవరైనను వాడుకొని, చదివి, మార్చి, పరులకు పంచిపెట్టదగిన వ్యవస్థను కట్టెదనని ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టెను. పనిముట్లన్నియు సిద్ధమగుచుండెను గాని నీరటి కుదరలేదు. ఆ కొరత తీర్చినవాడు ఫిన్లాండు దేశపు విద్యార్థి. 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల యువకుడు తానొక చిన్న వ్యవస్థను వినోదార్థము వ్రాయుచున్నానని తోడివారికి తెలిపెను. అదియే లినక్స్. దాని మూలపత్రము అందరికిని తెరచియున్నందున లోకమునందలి ప్రోగ్రాము రచయితలు తలా ఒక చేయి వేసిరి. నేడు మీ జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనులన్నిటికిని లోపలి నీరటి లినక్సే. ప్రపంచమున మిక్కిలి వేగము గల 500 కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరునుండి ప్రతి యంత్రమును లినక్సుతోనే నడుచుచున్నది.

విండోస్ కథ వేరు. అది మైక్రోసాఫ్ట్ సంస్థ సొత్తు. 1985లో తొలిసారి వెలువడినది. తెరమీద బొమ్మలు చూపి, వ్రేలితో నొక్కి పని చేయించుకొను సౌకర్యము సామాన్యునికి అందుబాటులోనికి వచ్చుటకు దానివలన మిక్కిలి మేలు కలిగినది. కచేరీలలో ఉత్తరములకు, లెక్కలకు, పాఠశాలలలో చదువునకు అదే స్థిరపడెను. ఇట్లు బల్లమీద విండోస్, లోకమునకు సేవ చేయు పెద్ద యంత్రములందు యూనిక్స్, తరువాత లినక్స్ అని రాజ్యము రెండు భాగములయ్యెను.

ఇక మన హైదరాబాదునకు వత్తము. 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. వారు ఇచ్చటనే స్వదేశీ కంప్యూటర్లను తయారుచేసిరి గనుక ఈ విద్య మన నగరమునకు నిన్నటిది కాదు. అయినను నేడు మనము సైబరాబాదు అనుకొనునది 1998లోనే మొదలైనదనవచ్చును. అంతకు పూర్వము మాదాపురము రాతిగుట్టల నడుమ నొక పల్లె. సమీపముననున్న దుర్గము చెరువు గోలకొండ కోటకు నీరిచ్చినదని చెప్పుదురు. ఆ గుట్టల నడుమ కట్టిన సైబర్ టవర్స్ అను పది యంతస్తుల మేడను 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. ఆ యేడే మైక్రోసాఫ్ట్ సంస్థ తన భారతీయాభివృద్ధి కేంద్రమును హైదరాబాదున తెరచెను. గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార విజ్ఞాన విద్యాసంస్థ వెలసినదియు ఆ సంవత్సరముననే. పిమ్మట వచ్చిన సంస్థలను లెక్కించుటకు ఈ సమయము చాలదు.

ఆ మేడలలో పనికి కుదిరిన మన పిల్లల స్థితి విచిత్రమైనది. వారి బల్లమీదనున్నది విండోస్ యంత్రము. వారు వ్రాయు ప్రోగ్రాము నడువవలసినది ఎక్కడనో దూరముననున్న లినక్స్ యంత్రముమీద. అనగా ఒక ఊరి వాడుకతో విత్తనము సిద్ధపరచి మరియొక ఊరి నేలలో చల్లుట. ఇందువలన కలుగు చిక్కు ఎట్టిదో ఒక చిన్న దృష్టాంతము చెప్పెదను.

మీరు టైపు మిషను చూచినవారే గదా. వరుస ముగిసినప్పుడు రెండు పనులు జరుగవలెను. కాగితపు బండి మొదటికి మరలవలెను. కాగితము ఒక వరుస పైకి జరుగవలెను. దూరలేఖన యంత్రముల కాలమున ఈ రెండింటికిని రెండు వేరు గుర్తులుండెను. విండోస్ ఆ పాత యాచారమునే నిలుపుకొని వరుస చివర రెండు గుర్తులు వేయును. యూనిక్స్ వంశమువారు ఒక్క గుర్తు చాలుననిరి. ఆ గుర్తులు కంటికి కానరావు. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, 2004 ప్రాంతమున, ప్రతి రాత్రి లెక్కలకు నకలు తీయవలసిన ఒక చిన్న ప్రోగ్రామును నేను విండోసుమీద వ్రాసి లినక్స్ యంత్రమునకు పంపితిని. మొదటి వరుస చివర మిగిలిన ఆ యదనపు గుర్తును చూచి లినక్స్ యంత్రము, ఇట్టి పేరుగలవాడెవ్వడును లేడనెను. రాత్రియంతయు నకలు తీయబడలేదు. తెల్లవారి పూట సగము వెదకినను తప్పు కనబడలేదు. కంటికి కనబడని తప్పు గదా. చివరకు ఒక పెద్దామె, నాకు పైయధికారిణి, ఒక్క నిమిషములో దానిని పట్టి, "తమ్ముడూ, ఏ యింట వండుకుంటావో ఆ యింటి పొయ్యి తెలుసుకో" అనెను.

ఇట్టివి ఇంకను గలవు. రాముడు అని పెద్దక్షరముతో వ్రాసిన ఇంగ్లీషు పేరును, చిన్నక్షరముతో వ్రాసినదానిని విండోస్ ఒకటిగా నెంచును. లినక్స్ ఇద్దరు మనుష్యులుగా నెంచును. పత్రములుండు దారిని చూపు గీత లినక్సున ఒకవైపు వాలును, విండోసున రెండవవైపు వాలును. బల్లమీద చక్కగా నడచిన ప్రోగ్రాము దూరపు యంత్రముమీద పడిపోవుటకు ఇట్టి స్వల్పకారణములే చాలును. కావున లినక్సునకు వ్రాయువానికి లినక్స్ పనిముట్లు చేతిలోనే యుండవలెను.

అవి చేతికి వచ్చుటెట్లు? మార్గములు మూడుండెను. రెండు యంత్రములు కొనుట మొదటిది. అది కలవారి మాట. ఒకే యంత్రపు డిస్కును రెండుగా పంచి, తెరచునప్పుడు ఏదో ఒక నీరటిని పిలుచుట రెండవది. విండోసు నడుచుచుండగానే దానిలో నొక బొమ్మ యంత్రమును సృష్టించి అందు లినక్సును నడుపుట మూడవది. దీనికి జ్ఞాపకస్థలము విస్తారముగా కావలెను, ఆనాటి యంత్రములకు అంత సత్తువ లేదు.

నేను పట్టినది రెండవ మార్గము. 2001లో అమీరుపేటలో మైత్రీవనము వెనుక నలుగురము ఒక గదిలో నుండి, శిక్షణాలయములకు పోవుచుంటిమి. మా నాయనగారు ఒక ఎద్దుల జత అమ్మి పంపిన సొమ్ముతో పాత కంప్యూటరొకటి కొంటిని. నలుగురికిని అదియే యాధారము. ఉద్యోగమునకు లినక్స్ తెలియవలెనని విని, ఒక రాత్రి డిస్కును పంచుటకు కూర్చుంటిని. ఎల్ల గీయవలసినచోట ఒక అంకె తప్పుగా వేసితిని. పొలము పంచునప్పుడు గొలుసు తప్పుగా లాగిన, మరునాడు మరల కొలువవచ్చును. డిస్కుమీద గీత తప్పిన అవతలి పైరు మాయమగును. నా పాఠములే గాక, గదిలోని మిత్రుడొకడు ఆరు నెలలు వ్రాసికొన్న పరీక్షా ప్రోగ్రామును పోయెను. దానికి నకలు లేదు. ఆతడు నన్నొక మాటయు అనలేదు. మూడు దినములు భోజనమునకు మాత్రము మాతో రాలేదు. ఆ పెద్దాయన తన మనుమని ల్యాప్‌టాపును గూర్చి యడిగినప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది ఆ మిత్రుని ముఖమే.

ఈ బాధ తీర్చుటకు విజ్ఞులు చేసిన ప్రయత్నములు అనేకములు. ఇందొక వింత కలదు. మైక్రోసాఫ్ట్ సంస్థయే యూనిక్స్ అనుమతి కొని, 1980లో జెనిక్స్ అను పేర దానిని లోకమునకు ప్రకటించినది. పిమ్మట ఆ మార్గము విడిచినది. 1993లో విండోస్ ఎన్.టి. అను క్రొత్త వ్యవస్థను చేసినప్పుడు, అమెరికా ప్రభుత్వపు కొనుగోళ్ల నియమములు తీరుటకై, యూనిక్స్ పిలుపులు కొన్ని యర్థమగు చిన్న భాగమును అందు చేర్చిరి. అది నియమమునకు సరిపోయెను గాని పనికి చాలకపోయెను. 1995లో సిగ్నస్ అను సంస్థలో స్టీవ్ చేంబర్లెన్ అను నాతడు సిగ్‌విన్ అను దానిని ఆరంభించెను. యూనిక్స్ పనిముట్ల మూలపత్రములను తీసికొని విండోసున నడుచునట్లు మరల కూర్చుట దాని పద్ధతి. అది నేటికిని వాడుకలో నున్నది. మావంటివారెందరికో అన్నము పెట్టినది. కాని యూనిక్సున ఒక ప్రోగ్రాము క్షణములో తనవంటి రెండవదానిని పుట్టించుకొనును. విండోసునకు ఆ యాచారము లేనందున సిగ్‌విన్ ఆ పనిని మిక్కిలి ప్రయాసతో చేయవలసివచ్చి నెమ్మదించుచుండెను.

మైక్రోసాఫ్ట్ వారును ఊరకుండలేదు. 1999లో సర్వీసెస్ ఫర్ యూనిక్స్ అను పేర నొక పనిముట్ల మూటను వెలువరించిరి. ఆ యేడే ఇంటరిక్స్ అను వ్యవస్థను చేసిన సాఫ్ట్‌వే సంస్థను కొని, 2002లో దానిని ఈ మూటలో చేర్చిరి. ఈ వస్తువును పెంచుటలో మన హైదరాబాదు కేంద్రమువారికిని భాగము కలదు. సైబరాబాదు గుట్టలమీద కూర్చుండి విండోసునకు యూనిక్స్ మాట నేర్పిన యుపాధ్యాయులు వారు. 2003లో న్యూయార్కున జరిగిన లినక్స్ ప్రదర్శనలో, అనగా ఎదుటిపక్షమువారి సభలోనే, ఈ మూటకు బహుమానము వచ్చినది. 2004లో దానిని ఉచితముగా నిచ్చిరి. అయినను అది పాత యూనిక్సును పోలినదే గాని లినక్స్ కాదు. లినక్సునకై సిద్ధపరచిన ప్రోగ్రాములు దానిమీద ఉన్నవున్నట్లుగా నడువవు. లోకము లినక్సువైపు మరలిపోగా ఆ మూటకు ఆదరము తగ్గి, 2013 నాటి విండోసునుండి అది తొలగింపబడినది.

ఆ నడుమ రెండు పక్షముల వైరము ఎంత దూరము పోయినదనగా, 2001లో మైక్రోసాఫ్ట్ యధిపతి స్టీవ్ బామర్ ఒక పత్రికతో మాటలాడుచు లినక్సును రాచపుండుతో పోల్చెను. దాని యనుమతిపత్రపు నియమము తాకినదానికెల్ల అంటుకొనునని ఆయన భావము. ఇవతలివారును తక్కువ తినలేదు. ఆ కాలమున మా గదులలో సయితము విండోస్ వాడువాడు ఒక పక్షము, లినక్స్ వాడువాడు ఒక పక్షముగా భోజనములవేళ వాదులాడుకొనుచుంటిమి.

వైరము తగ్గుటకు ముఖ్యకారణము వ్యాపారము. సంస్థలు తమ సొంత యంత్రములను మాని, పరుల పెద్ద యంత్రములను అద్దెకు తీసికొను పద్ధతి బలపడినది. మైక్రోసాఫ్ట్ వారును అట్టి యద్దె వ్యాపారము పెట్టిరి. అద్దెకు వచ్చువారు లినక్సే కావలెననిరి. ఇల్లు అద్దెకిచ్చువాడు, మా దేవుని పటము తప్ప మరి యే పటమును గోడకు తగిలింపరాదనిన ఇల్లు ఖాళీగా నుండును. 2012లో వారు తమ యంత్రములందు లినక్సునకు చోటిచ్చిరి. ఆ శాఖకు నాడు పెద్దగా నుండినవాడు సత్య నాదెళ్ల. ఈతడు 1967లో హైదరాబాదున జన్మించి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివినవాడు. గ్రామాభివృద్ధి విషయమున పేరొందిన ఐ.ఏ.ఎస్. అధికారి బి. ఎన్. యుగంధర్‌గారి కుమారుడు. 2014 ఫిబ్రవరి 4న ఈతడు మైక్రోసాఫ్ట్ సంస్థకంతటికిని అధిపతియయ్యెను. ఆ యేడు అక్టోబరులోనే శాన్‌ఫ్రాన్సిస్కో సభలో, మైక్రోసాఫ్టునకు లినక్స్ అనిన ప్రీతి యని తెరమీద వ్రాసి చూపెను. ఒక మనుష్యుని మంచితనముననే ఇదియంతయు జరిగినదని నేననను. కాలము అట్లు వచ్చినది. వచ్చిన కాలమును గుర్తించుట మాత్రము ఆతని ఘనతయే.

2016 మార్చి 30న విండోసులోనే లినక్స్ పనిముట్లు నడుచు నేర్పాటును వారు ప్రకటించిరి. ఉబుంటు అను లినక్సును చేయు కెనానికల్ సంస్థ వారికి తోడ్పడెను. దీని పేరు విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లినక్స్. మేము పొడియక్షరములతో డబ్ల్యు.ఎస్.ఎల్. అందుము. ఆ మొదటి యేర్పాటులో లినక్స్ నీరటి లేడు. ఉన్నవాడు దుబాసి. నిజాము కాలమున కచేరి భాష ఉర్దూ, రైతు భాష తెలుగు. రైతు తన గోడు తెలుగున చెప్పుకొనగా వ్రాయసకాడు ఉర్దూలో నర్జీ వ్రాసి పెట్టెడివాడు. అట్లే లినక్స్ ప్రోగ్రాము తన భాషలో పిలువగా దుబాసి ఆ పిలుపును విండోసు మాటలోనికి మార్చి పని చేయించుచుండెను. ప్రోగ్రామును మరల కూర్చనక్కరలేదు. ఉన్నది ఉన్నట్లుగా నడచినది. సిగ్‌విన్ కంటె ఇది పెద్ద మెట్టు.

కాని దుబాసి యెంత పండితుడైనను ప్రతి మాటకును సాటిమాట దొరకదు. అర్జీ వ్రాయించుకొన్నవారికి ఈ సంగతి తెలియును; చెప్పినది కొంత, కాగితముమీదికి ఎక్కినది కొంత. లినక్స్ పిలుపులు కొన్నింటికి విండోసున సమానములు లేవు. చిన్న పత్రములను వేలకొలది తెరచి మూయు పనులు మిక్కిలి నెమ్మదించెను. డాకర్ అను ముఖ్యమైన పనిముట్టు అసలే నడువకపోయెను. అప్పుడు వారు మార్గము మార్చిరి. 2019 మే నెలలో రెండవ డబ్ల్యు.ఎస్.ఎల్.ను ప్రకటించి, 2020 మే నెలలో అందరికి నిచ్చిరి. ఇందు దుబాసి లేడు. విండోసుతోపాటు అసలు లినక్స్ నీరటినే, తేలికయైన బొమ్మ యంత్రమున నొక గదిలో, కాపురము పెట్టించిరి. మూటకట్టిన పత్రములను విప్పుట వంటి పనులలో ఇది మొదటిదానికంటె 20 రెట్ల వరకు వేగమైనదని ఆ సంస్థవారే చెప్పిరి. పూర్వము మూడవ మార్గముగా చెప్పిన బొమ్మ యంత్రమే ఇది. అది కొన్ని క్షణములలో మేలుకొనునట్లును, వలసినంత జ్ఞాపకస్థలమునే తీసికొనునట్లును చక్కదిద్దిరి.

రాచపుండని నిందింపబడిన లినక్సును నిందించిన యింటివారే విండోసుతో చేర్చి పంచిపెట్టుచున్నారు. అంతేకాదు, లినక్స్ అనుమతిపత్రపు నియమమును మన్నించి, తాము దానిలో చేసిన మార్పులను బహిరంగముగా ప్రకటించుచున్నారు. 2025 మే నెలలో డబ్ల్యు.ఎస్.ఎల్. మూలపత్రమునే చాల భాగము లోకమునకు తెరచిరి.

ఇందువలన మన పిల్లలకు కలిగిన మేలేమి? ఒక్క యాజ్ఞ టైపు చేసి, ఒకమారు యంత్రమును ఆపి తెరచిన చాలును, లినక్స్ సిద్ధము. డిస్కును పంచనక్కరలేదు. ఎల్ల గీయనక్కరలేదు. మనసు మారిన, ఆ గదిని తీసివేయవచ్చును. విండోసు ఇల్లు చెక్కుచెదరదు. పత్తి సొమ్ముతో కొన్న ఒక్క యంత్రముమీద, తెల్లవారి కళాశాలకు కావలసిన విండోస్ పనియు, రాత్రి ఉద్యోగమునకు కావలసిన లినక్స్ విద్యయు సాగును. నేను 2001లో ఒక అంకె తప్పి పోగొట్టుకొన్నది నేటి బాలుడు పోగొట్టుకొనడు. అందుచేత ఆ పెద్దాయనకు, మీ మనుమని చేయనిండు అని చెప్పితిని.

అయితే కీడును సయితము చెప్పనిచో నేను దుబాసివలె సగము మాట మ్రింగినవాడనగుదును. మొదటిది, ఇద్దరు కాపురమున్నప్పుడు బియ్యము ఎక్కువ కావలెను. జ్ఞాపకస్థలము తక్కువగా నున్న యంత్రము ఇద్దరిని మోయలేక చతికిలబడును. రెండవది, లినక్స్ గదిలోని పత్రములను లినక్స్ గదిలోనే యుంచుకొనవలెను. మాటిమాటికి గడప దాటి విండోస్ గదిలోనివానిని తెచ్చుకొన్నచో పని నెమ్మదించును. మూడవది ముఖ్యమైనది. గది మంచిదే గాని ఇల్లు పరునిది. ఇంటి నియమములు యజమాని చేతిలో నుండును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు సంరక్షణ ముగిసినది. దాని తరువాతి విండోస్ 11 అనేకములైన పాత యంత్రములను అంగీకరింపదు. అట్టి పాత యంత్రము మీ యింట నున్నచో దానిని పారవేయవలదు. విండోసును తీసివేసి లినక్సును మాత్రమే అందు నిలిపిన, చాలవరకు అది ఇంకను పని చేయును. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థవారు లినక్సును తెలుగున కనబడునట్లు చేయుటకు పూనుకొన్నవారు. గదిలో అద్దెకుండి నేర్చిన విద్య, తన సొంత యిల్లు కట్టుకొన్నప్పుడును పనికివచ్చును. నేర్చుకొనుటకు నిజమైన లాభమదియే.

ఇక ఆ పెద్దాయన యడిగిన ప్రశ్న మిగిలినది. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడవు, సామెత నిజమే. ఒకదానిని రెండవదానివలె అరగదీసి ఇమిడింపజూచిన ప్రయత్నములన్నియు ఇరువదేండ్లకు పైగా సగము సగముగానే మిగిలినవి. కడపట ఒరనే మార్చి, రెండు గదులుగా చేసి, దేని గది దానికిచ్చినప్పుడే పని కుదిరినది. ఈ మాట ఆయనతో చెప్పగా, కొంచెమాలోచించి, "అయితే పెద్దోని పొలం చిన్నోని పొలం నడుమ గట్టు పెట్టినట్టే గదా" అనెను. అంతకంటె చక్కగా నేను చెప్పలేను.

ఒక్క విన్నపముతో ముగించెదను. మీ యింటి పిల్లవాడు ఈ పనికి కూర్చున్నప్పుడు, చేయవలదని వారింపకుడు. కాని ముందుగా ఒక ప్రశ్న యడుగుడు: "నాయనా, లోపలున్నదానికి నకలు తీసి వేరొకచోట పెట్టితివా?" పట్టాదారు పాసుపుస్తకపు ఛాయాచిత్రములు, పెండ్లి పటములు, పిల్లల చదువు పత్రములు నేడు ఆ యంత్రముననే యున్నవి గదా. ఆ ప్రశ్న నన్ను ఆ రాత్రి అమీరుపేట గదిలో ఎవరైన అడిగియుండినచో, నా మిత్రుని ఆరు నెలల కష్టము నిలిచెడిది.